చెల్లని చెక్కు

మీరు నలుగురిలో అనరనే నమ్మకంతో చెబుతున్నాను. బ్యాంకుల గుర్తుల గురించి నాకు తెలిసినంత కృష్ణా జిల్లాలో మరొకరికి తెలియదని చాలా ఏళ్లు నమ్మాను. నమ్మి ఊరుకున్నా బాగుండేది. రైల్లో ఎదురు సీటాయనకి, పెళ్లిపందిట్లో పక్క కుర్చీలో దొరికిన పెద్దమనిషికి, సెలూన్లో తన వంతు కోసం కూర్చున్న కుర్రాడికి, అందరికీ చెప్పాను. ఏ బ్యాంకు బోర్డు కంటబడినా సరే, ఆ గుర్తు ఎందుకలా ఉంది, అంతకుముందు ఏముండేది, ఎవరు గీశారు, అందులో అర్థమేమిటి అంటూ మొదలుపెట్టేవాణ్ని. మీకూ ఇలాంటిదొకటి ఉండే ఉంటుంది. పాత సినిమాల సంగతులో, మామిడిపళ్ల రకాలో, ఎవరి తాత ఎవరికి ఏమవుతాడన్న లెక్కలో, ఏదో ఒకటి. అది లేని మనిషిని నేనింతవరకు చూడలేదు.

నాది బందరు. బళ్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. బందరువాడికి గర్వపడటానికి సముద్రం, కలంకారీ, లడ్డూ చాలు. నాకు మాత్రం ఆంధ్రా బ్యాంకు కావాలి. 1923 నవంబరు 20న రిజిస్టరై, అదే నెల 28న మా ఊళ్లో తలుపులు తెరిచిన బ్యాంకు అది. పెట్టినవారు డాక్టర్ భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు. బందరులో వైద్యం చేసుకుంటూ స్వాతంత్ర్యోద్యమంలోకి వెళ్లి, 1948లో కాంగ్రెస్ అధ్యక్షుడైన మనిషి. లక్ష రూపాయల చెల్లించిన మూలధనంతో మొదలైంది. లక్ష రూపాయలు! ఆ అంకె చెప్పేటప్పుడు నేను కాసేపు ఆగి, ఎదుటివాడి మొహంలోకి చూసేవాణ్ని. 1980 ఏప్రిల్ 15న ఆ బ్యాంకు జాతీయమైంది. 1981లో క్రెడిట్ కార్డులు ఇచ్చి, ఆ దారిలో మన దేశంలో ముందు నడిచిన బ్యాంకుల్లో ఒకటైంది. ఇవన్నీ నేనే దగ్గరుండి చేయించినట్టు చెప్పేవాణ్ని.

ఆ బ్యాంకు గుర్తు మీకు గుర్తుండే ఉంటుంది. ఎనిమిది అంకెను పక్కకి పడుకోబెడితే వచ్చే ఆకారం, ఎరుపు, నీలం రంగుల్లో. ఆ ఆకారం అనంతం. ఖాతాదారు కోసం ఎంత దూరమైనా వెళ్తామని దాని భావం. నీలం రంగు మొన ఎదుగుదలకీ కొత్త దిక్కులకీ గుర్తు. తాళంచెవి కన్నం భద్రతకి, గొలుసు కలిసి ఉండటానికి. ఎరుపులో చురుకు, నీలంలో నిలకడ. బ్యాంకే చెప్పుకున్న ఈ వివరణంతా నాకు నోటికి వచ్చు. పాస్‌బుక్కు అట్ట మీద వేలు పెట్టి, పిల్లలకి భారతదేశం పటం చూపించినట్టు, ఇదిగో ఇక్కడ గొలుసు, ఇక్కడ కన్నం అని మా ఆవిడకి చూపించేవాణ్ని. "ఏమండీ, అందులో ఎంతుందో చెప్పండి చాలు" అనేది తను. ఆ మాట విలువ అప్పట్లో నాకు తెలియలేదు.

ఆంధ్రా బ్యాంకు అయిపోతే స్టేట్ బ్యాంకు మీద పడేవాణ్ని. నిజంగా చెప్పుకోదగ్గ కథే అది. మూడు ప్రెసిడెన్సీ బ్యాంకులు కలిసి 1921లో ఇంపీరియల్ బ్యాంకు అయ్యాయి. అది 1955 జూలై 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాగా మారింది. కొత్త బ్యాంకుకి మొదట మర్రిచెట్టు గుర్తు. ఊడలు దింపుకుంటూ ఊరంతా పరుచుకునే చెట్టు, దాని నీడలో జనం. భావం గొప్పదే. కానీ మర్రిచెట్టును చిన్నది చేసి చెక్కు మూలకి చేరిస్తే ఊడలెక్కడ, ఆకులెక్కడ? పల్లెలో గోడ మీద బోర్డు రాసే పెయింటరు ఆ కొమ్మలన్నీ ఎన్ని గోడల మీద ఒక్కలా వేయగలడు? 1971లో అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌కి చెందిన శేఖర్ కామత్ ఒక నీలం వృత్తం గీశారు. మధ్యలో చిన్న తెల్లటి వృత్తం, అక్కడి నుంచి కిందికి సన్నటి తెల్లటి దారి. అంతే. ఒక మేకు, ఒక దారం, ఒక రంగు డబ్బా ఉంటే ఏ ఊరి పెయింటరైనా తప్పు లేకుండా వేసేయగలిగిన గుర్తు. తపాలా బిళ్లంత చేసినా చెరగదు, మేడ మీద నిలబెట్టినా చెదరదు. చదువు రాని అవ్వ కూడా బస్సు దిగి ఆ నీలం గుండ్రం చూసుకుని పింఛనుకి వెళ్లిపోగలదు. ఇందులో ఒక్క మాటకి కూడా నేనివాళ వెనక్కి పోను. మన దేశంలో ఒక సంస్థ కోసం గీసిన గుర్తుల్లో దాన్ని మించింది లేదని ఇప్పటికీ నా నమ్మకం.

అక్కడితో ఆపితే నాకు గౌరవం దక్కేది. నేను ఇంకో మెట్టెక్కేవాణ్ని. "అసలు రహస్యం చెప్పనా?" అని గొంతు తగ్గించి, ఆ గుర్తుకి మూలం అహ్మదాబాద్‌లోని కాంకరియా చెరువని చెప్పేవాణ్ని. పై నుంచి చూస్తే గుండ్రటి చెరువు, నడుమ నగీనావాడి దీవి, ఒడ్డు నుంచి దీవికి ఒక దారి, అచ్చం బ్యాంకు గుర్తేనని. ఎవరో చెప్పగా విన్నాను. నిజమేనా అని ఎవర్నీ అడగలేదు. అంత చక్కగా కుదిరిన కథని అడిగి పాడుచేసుకోవడానికి ఎవరికి మనసొప్పుతుంది చెప్పండి?

మా అమ్మాయి వాళ్లు అహ్మదాబాద్‌లో ఉండగా ఒకసారి వెళ్లాం. సాయంత్రం కాంకరియాకి తీసుకెళ్లారు. పదిహేనో శతాబ్దంలో సుల్తానులు కట్టించిన చెరువది. గట్టు వెంట నడుస్తుంటే నాకు పూనకం వచ్చేసింది. మనవడికి మొదలుపెట్టిన వాణ్ని, చుట్టూ మనవాళ్లే నలుగురు తెలుగువాళ్లు ఆగేసరికి గొంతు పెంచాను. ఇదే ఆ చెరువు, అదే ఆ దారి, ఇక్కడ నిలబడే ఆయన గీశాడని కూడా అనేశాను. నిలబడే గీశాడన్నది అప్పటికప్పుడు నా నోటి నుంచి పుట్టింది. వింటున్న వాళ్లలో డిజైన్ చదువుకుంటున్న ఒకబ్బాయి ఉన్నాడు. అందరూ వెళ్లేదాకా ఆగి, నా పక్కకొచ్చి, "అంకుల్, ఆ గుర్తుకీ ఈ చెరువుకీ సంబంధం లేదండీ. పోలిక చూసి జనం తర్వాత అల్లుకున్న కథ అది" అన్నాడు. అంత మర్యాదగా తప్పు దిద్దినవాణ్ని నా ముప్ఫై ఏళ్ల పంతులు ఉద్యోగంలో చూడలేదు. నేనేం చేశానంటారా? "అలా అంటారులే బాబూ" అని భుజం తట్టి పంపేశాను. ఇంటికొచ్చాక చూస్తే ఆ అబ్బాయి చెప్పిందే నిజం. అయినా బందరు తిరిగొచ్చాక కూడా కొన్నాళ్లు ఆ చెరువు కథ చెబుతూనే ఉన్నాను. కథ లేకుండా గుర్తొక్కటే చెబితే వినేవాళ్ల కళ్లలో ఆ మెరుపు రాదు. నాకు కావలసింది ఆ మెరుపు. గుర్తు గీసినాయన పడిన శ్రమ మీద నాకు అంత గౌరవం ఉంటే, ఆయన చేతికి దక్కాల్సిన పేరు తీసి ఒక చెరువుకి ఇచ్చేవాణ్నా?

ఇలా ఉండగా బోర్డులు మారే రోజులొచ్చాయి. 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ పెద్ద స్టేట్ బ్యాంకులో కలిసిపోయింది. నిజాం కాలంలో హైదరాబాద్ స్టేట్ బ్యాంకుగా పుట్టి, 1942 ఏప్రిల్‌లో గన్‌ఫౌండ్రీలో మొదటి శాఖ తెరిచి, ఉస్మానియా సిక్కా లావాదేవీలు నడిపిన బ్యాంకది. హైదరాబాద్‌లో ఉండే మా తోడల్లుడు దిగులుపడుతూ ఫోన్ చేశాడు. "బావా, అదే నీలం గుండ్రం ఉంటుంది కదా, పేరే కదా పోయింది" అని తేలిగ్గా తీసిపడేశాను. వాళ్ల అనుబంధ బ్యాంకులన్నిటికీ ఎప్పటి నుంచో అదే గుర్తు కదా అని నా లెక్క. అవతలివాడి బాధకి అలా లెక్క చెప్పినవాణ్ని, మూడేళ్లు తిరక్కుండా నా ఇంటి మీదికే వస్తే ఏం చేశానో వినండి.

2019 ఆగస్టు 30న కేంద్ర ఆర్థికమంత్రి బ్యాంకుల విలీనాలు ప్రకటించారు. ఆంధ్రా బ్యాంకు, కార్పొరేషన్ బ్యాంకు వెళ్లి యూనియన్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో కలుస్తాయని. పేరైనా ఉంచమని మన దగ్గర చాలామంది అడిగారు. 2020 ఏప్రిల్ 1న విలీనం జరిగిపోయింది. కొన్నాళ్లు యూనియన్ బ్యాంకు పేరుతో పాటు ఆంధ్రా, కార్పొరేషన్ అనే మాటలు కూడా కనిపించేవి. ఆ చిన్న అక్షరాల కోసమే నేను వీధి మలుపు తిరిగి మరీ బ్రాంచి ముందు నుంచి నడిచేవాణ్ని. యూనియన్ బ్యాంకుదీ ఎరుపు, నీలమే. రెండు యూ అక్షరాలు ఒకదాన్నొకటి పెనవేసుకున్న గుర్తు. 1919లో బొంబాయిలో పుట్టిన బ్యాంకు. వాళ్ల ప్రధాన కార్యాలయాన్ని 1921లో గాంధీగారు ప్రారంభించారు. అంటే వంక పెట్టడానికి లేని పుట్టుక. అందుకే నాకింకా కోపం వచ్చింది.

బ్యాంకు వాళ్లు చేయాల్సినవన్నీ చేశారు. ఫోనుకి మెసేజీలు పంపారు. ఐఎఫ్‌ఎస్‌సీ మారుతుంది, ఏఎన్‌డీబీతో మొదలయ్యే కోడు పోయి యూబీఐఎన్‌తో మొదలయ్యేది వస్తుంది, 2021 ఏప్రిల్ 1 నుంచి పాత చెక్కులు చెల్లవు అని విప్పి చెప్పారు. కౌంటర్లో అమ్మాయి నన్ను కూర్చోబెట్టి, "మాస్టారూ, పాతది ఇచ్చేయండి, కొత్త చెక్కుబుక్కు తీసుకోండి" అంది. కొత్తది తీసుకున్నాను. పాతది ఇంట్లో దొరకడం లేదన్నాను. దొరకడం లేదన్నది అబద్ధం. బీరువాలో పట్టుబట్టల కింద, పైన తెల్ల కాగితం చుట్టి దాచింది నేనే. ఎర్రగా, నీలంగా మెరుస్తూ ఆకులు అలాగే ఉన్నాయి. అప్పుడప్పుడూ తీసి చూసుకునేవాణ్ని.

ఆ ఏడాది చివర్లో మా మేనకోడలి పెళ్లి కుదిరింది. పెళ్లికొడుకు తండ్రి బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారని చెల్లెలు చెప్పింది. ఆ మాట విన్న దగ్గర్నుంచి నా బుర్ర పనిచేయడం మానేసింది. బ్యాంకు మనిషి! ఆయన ముందు నా విద్య చూపించాలి. మేనమామ కానుక అందరిలాంటి కవర్లో నోట్లు పెట్టి ఇస్తే ఏం బాగుంటుంది? పట్టాభిగారి బ్యాంకు చెక్కు మీద 25,116 రూపాయలు రాసి ఇస్తే అది జీవితాంతం దాచుకునే కానుక అవుతుంది. దాచుకుంటే డబ్బు ఎలా వస్తుందన్న ప్రశ్న నాకు రాలేదు. చెల్లదన్న సంగతి మర్చిపోయానా అంటే, అదీ కాదు. తేదీ చదివాను, మెసేజీ చదివాను, తెలుసు. ఖాతా అదే, డబ్బు అందులోనే ఉంది, సంతకం నాది, అలాంటప్పుడు ఎవరాపుతారులే అని ఎక్కడో ఒక ధీమా. మనకు ఇష్టమైన దానికి రూలు కొంచెం వంగుతుందని మీరెప్పుడూ అనుకోలేదా?

పెళ్లి రాత్రి స్టేజీ ఎక్కాను. కవరు ఇచ్చి దిగితే ఏ గొడవా లేదు. ఇవ్వలేదు. కవరు తెరిచాను. చెక్కు బయటికి తీశాను. ఫొటోగ్రాఫర్ని ఆగమన్నాను. వెనక జనం వరసలో నిలబడిపోయారు, మైకులో ఎవరో పాట పాడుతున్నారు, పెళ్లికూతురు మెడలో దండల బరువుకి వంగిపోతోంది, నేను మాత్రం అనంతం దగ్గర మొదలుపెట్టి నీలం మొన దాటి గొలుసు దాకా వచ్చేశాను. వియ్యంకుడుగారిని దగ్గరికి పిలిచి చెక్కు ఆయన చేతిలో పెట్టి, "చూడండి, ఇలాంటిది ఈ కల్యాణమండపంలో ఇంకెవరి దగ్గరైనా ఉందేమో" అన్నాను. ఆయన చూశారు. ఒక్క క్షణం. చెక్కు మడిచి కవర్లో పెట్టి, కవరు తన జేబులో వేసుకుని, నా మోచెయ్యి పట్టుకుని, "మాస్టారూ, మొదటి పంక్తి లేచింది, భోజనానికి పదండి" అన్నారు. ఎంత మర్యాద తెలిసిన మనిషి అనుకున్నాను. పంక్తిలో ఆయన పక్కనే కూర్చుని, పప్పు దగ్గర నుంచి పెరుగు దాకా కాంకరియా చెరువు కథ కూడా చెప్పాను. ఆయన ప్రతి మాటకీ తలూపారు. గారె మాత్రం ఇంకోటి వేయించారు.

పెళ్లయిన వారానికి మేనకోడలు ఫోన్ చేసింది. "మామయ్యా, నువ్వేమీ అనుకోవద్దు" అని మొదలుపెట్టింది. ఆడపిల్ల అలా మొదలుపెడితే గుండె ఎక్కడుండాలో అక్కడుండదు. పెళ్లికొడుకు సంగతి తెలియక ఆ చెక్కు వేశాడట. తిరిగొచ్చింది. మామగారు వద్దన్నారట గానీ, మాట అందేలోపే కొడుకు బ్యాంకుకి వెళ్లిపోయాడట. తిరిగొచ్చినందుకు వాళ్ల ఖాతాలోంచి చార్జీ కూడా కోశారు. మేనమామ ఇచ్చిన కానుక, కొత్త పెళ్లికూతురికి ఎదురు ఖర్చు. ఫోన్ పెట్టేశాక చాలాసేపు వసారాలోనే కూర్చున్నాను. లోపల నుంచి మా ఆవిడ అడిగింది, "ఏమంటోంది అమ్మాయి?" అని. బాగున్నారట అన్నాను. ఇంకో అబద్ధం. రాత్రికి అంతా చెప్పేశాను. తను నన్నేమీ అనలేదు. బీరువా తెరిచి పాత చెక్కుబుక్కు తీసి బల్ల మీద పెట్టింది. అది ఎక్కడుందో తనకి మొదట్నుంచీ తెలుసన్నమాట.

మర్నాడు నగదు తీసుకుని వియ్యంకుడుగారింటికి వెళ్లాను. ఎంత వద్దన్నా చార్జీతో సహా ఇచ్చాను. క్షమించమన్నాను. ఆయన కాఫీ తెప్పించి, ఆ తర్వాత చెప్పిన మాట నేను మీకు అలాగే చెప్పాలి.

"మాస్టారూ, మా నాన్నగారి ఖాతా భారతలక్ష్మి బ్యాంకులో ఉండేది" అన్నారు.

నాకు ఒక్కసారిగా ఒళ్లు చల్లబడింది. భారతలక్ష్మి బ్యాంకు కూడా బందరుదే. దాన్నీ పట్టాభిగారే 1929లో పెట్టారు. 1964లో అది ఆంధ్రా బ్యాంకులో కలిసిపోయింది. ఈ సంగతి నాకు తెలుసు. పుస్తకంలో ఒక వాక్యంగా తెలుసు. ఆంధ్రా బ్యాంకు ఎదుగుదల చెప్పేటప్పుడు ఒక మెట్టుగా వాడుకున్నాను కూడా. ఆ బ్యాంకు బోర్డు దింపిన రోజున దాని ముందు నిలబడి ఎవరైనా బాధపడి ఉంటారని నాకు ఎప్పుడూ తోచలేదు. వాళ్ల నాన్నగారు ఆ పాత పాస్‌బుక్కుని పూజగదిలో పెట్టుకున్నారట. కొత్త బ్యాంకులో అడుగు పెట్టడానికి చాలాకాలం ఒప్పుకోలేదట. ఆ కొత్త బ్యాంకు ఏది? నేను ప్రాణంలా చూసుకున్న ఆంధ్రా బ్యాంకే.

"నేను ఉద్యోగంలో చేరేటప్పుడు ఆయనొక మాటన్నారు. బోర్డు మీద ఏమున్నా, అడిగినరోజు ముసలమ్మకి తన డబ్బు ఇవ్వు అని. అందుకే స్టేజీ మీద మిమ్మల్నేమీ అనలేకపోయాను. మా నాన్న గుర్తొచ్చారు" అన్నారాయన.

ఆ బ్యాంకు గుర్తు ఎలా ఉండేదని అడిగాను. అడిగిన మొదటిసారి అదే. ఇన్నేళ్లు బందరులో ఉండి, బందరు బ్యాంకుల చరిత్ర నాదేనని చెప్పుకు తిరిగి, ఆ ప్రశ్న నా నోటికి రావడానికి ఒక చెక్కు తిరిగి రావలసి వచ్చింది. ఆ పాస్‌బుక్కు తమ్ముడింట్లో ఉండాలని, వెతికిస్తానని చెప్పారు.

ఇప్పుడు నా పని మారింది. చెప్పడం తగ్గించి అడగడం మొదలుపెట్టాను. బందరులో పాత ఇళ్లు చాలా ఉన్నాయి. ట్రంకుపెట్టెల అడుగున, అటకల మీద పాస్‌బుక్కులు, డిపాజిట్ రసీదులు, చెక్కు ఆకులు ఉన్నాయి. విలీనం రోజున బోర్డులు దిగిపోయాయి. ఇళ్లలోవి కూడా చిత్తుకాగితాలవాడికి వెళ్లిపోతే వందేళ్ల బ్యాంకు మొహం ఎలా ఉండేదో రేపటి పిల్లలకి చూపించడానికి ఏమీ మిగలదు. ఈ విషయం నన్ను నిజంగా కలవరపెడుతోంది. అందుకే ఇంటింటికీ తిరిగి ఫొటోలు తీసుకుంటున్నాను. ఎవరిది, ఏ ఏడాదిది, ఏ బ్రాంచి, అన్నీ రాసుకుంటున్నాను. స్టేట్ బ్యాంకు మర్రిచెట్టు ఉన్న కాగితం ఎవరి దగ్గరైనా దొరుకుతుందేమోనని కూడా అడుగుతున్నాను. తోడల్లుడికి ఫోన్ చేసి, హైదరాబాద్ బ్యాంకు పాస్‌బుక్కు పారేయలేదు కదా అని అడిగాను. అప్పుడు అలా తీసిపడేసినందుకు నొచ్చుకున్నానని కూడా చెప్పాను. "ఇప్పుడు గుర్తొచ్చానా బావా" అన్నాడు. పాస్‌బుక్కు మాత్రం వాట్సాప్‌లో ఫొటో తీసి పంపాడు.

నా పాత చెక్కుబుక్కు బ్రాంచికి తీసుకెళ్లి ఇచ్చేశాను. దొరికిందా మాస్టారూ అని కౌంటర్లో అమ్మాయి అడిగితే, దాచానని ఒప్పుకున్నాను. ఒక్క ఆకు మాత్రం ఉంచుకోవచ్చా అని అడిగాను. తనే దాని మీద అడ్డంగా రెండు గీతలు గీసి, క్యాన్సిల్డ్ అని రాసి, సంతకం చోట చింపి ఇచ్చింది. మీ బీరువాలో కూడా ఆంధ్రా బ్యాంకుదో, కార్పొరేషన్ బ్యాంకుదో, ఇంకా ముందుదో చెక్కు ఆకు ఉంటే, ఎవరికీ రాసివ్వకండి, పారేయనూ వద్దు. గీతలు గీసి, వెనక ఏడాదీ ఊరూ రాసి, నాకోసం ఉంచండి. నేనొచ్చి చూస్తాను.